ముందుగా ఏ ప్యాచ్? భద్రతా లోపాలకు వరుస నిర్ణయించే పద్ధతి

కంప్యూటర్లలోని భద్రతా లోపాలను వెతికే వల్నరబిలిటీ స్కానర్‌ను తొలిసారి నడిపిన సంస్థ చేతికి సాధారణంగా వేల వరుసల ఎక్సెల్ షీటు వస్తుంది. దాన్ని సరిచేయవలసిన ఐటీ విభాగంలో ఉండేది నలుగురో ఐదుగురో. అప్పుడు చాలామంది, లోపం తీవ్రతను 10కి కొలిచే సీవీఎస్ఎస్ స్కోరును పెద్ద నుంచి చిన్నకు సర్దుకుని పైనుంచి ప్యాచ్‌లు (లోపాన్ని సరిచేసే సాఫ్ట్‌వేర్ సవరణలు) వేసుకుంటూ వస్తారు. ఈ పద్ధతిలో శ్రమ కనిపిస్తుంది గానీ, లోపం ఎంత తీవ్రమైనదో చెప్పే అంకెను మన సంస్థకు ఎంత ముప్పో చెప్పే అంకెగా తీసుకోవడం దీనిలోని పొరపాటు. 2014లో బయటపడిన హార్ట్‌బ్లీడ్ లోపం ద్వారా సర్వర్ మెమరీలోని సమాచారాన్ని, రహస్య కీలతో సహా, బయటివారు విడతకు 64 కిలోబైట్ల చొప్పున లాగుకోగలిగేవారు. సీవీఎస్ఎస్ రెండో వెర్షన్‌లో దానికి వచ్చిన స్కోరు 10కి 5 మాత్రమే. స్కోరు వరుసను నమ్ముకున్నవారి షీటులో అది ఎక్కడో మధ్యన ఉండిపోయేది.

కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ 2019లో ప్రతిపాదించిన ఎస్ఎస్‌వీసీ పద్ధతి అంకెలను పక్కన పెట్టి కొన్ని ప్రశ్నలు అడుగుతుంది. జవాబులను బట్టి ప్రతి లోపమూ నాలుగు నిర్ణయాలలో ఒకదానికి చేరుతుంది: తక్షణం సరిచేయడం, మామూలు ప్యాచ్‌ల విడత కోసం ఆగకుండా సరిచేయడం, తదుపరి విడతలో సరిచేయడం, ప్రస్తుతానికి వాయిదా వేయడం. చిన్న సంస్థలకు కూడా ఇదే అనువైన దారి అని నా నమ్మకం, ఎందుకంటే నిర్ణయానికి కారణమేమిటో యాజమాన్యానికి మాటల్లో చెప్పుకోవచ్చు.

ప్రశ్నలకు ముందు పట్టిక ఉండాలి. ఏ సర్వర్‌లో ఏ సాఫ్ట్‌వేర్ ఏ వెర్షన్‌లో ఉంది, దాని బాధ్యత ఎవరిది అన్నది రాసి లేకపోతే మిగతాదంతా ఊహే.

మొదటి ప్రశ్న: ఈ లోపాన్ని ఎవరైనా ఇప్పటికే వాడుకుంటున్నారా? అమెరికా సైబర్ భద్రతా సంస్థ సిసా 2021 నవంబరు నుంచి, నిజంగా దాడులకు గురైన లోపాలను కేఈవీ జాబితాగా ఉచితంగా ప్రచురిస్తోంది. అది అక్కడి ప్రభుత్వ శాఖల కోసం పెట్టినదే అయినా ఎవరైనా చూసుకోవచ్చు. జాబితాలో లేనివాటికి ఈపీఎస్ఎస్ అనే అంచనా స్కోరు చూడండి; రాబోయే 30 రోజుల్లో దాడి జరిగే సంభావ్యతను అది రోజూ లెక్కగట్టి ఇస్తుంది. మన దేశానికి సంబంధించిన హెచ్చరికలు కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ విడుదల చేస్తుంది.

రెండో ప్రశ్న: దాడి చేసేవాడు ఆ యంత్రాన్ని చేరగలడా? అన్నిటికంటే ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే, కాబట్టి ఒక ఉదాహరణను దగ్గరగా చూద్దాం. ఒక ఆసుపత్రిలో రెండు సర్వర్లలో 2021 డిసెంబరునాటి లాగ్‌ఫోర్‌జే లోపం ఉందనుకోండి (లాగ్ అంటే ప్రోగ్రామ్‌లో జరిగే ప్రతిదీ నమోదయ్యే చిట్టా; లాగ్‌ఫోర్‌జే ఆ చిట్టా రాసే లైబ్రరీ, అంటే ఇతర ప్రోగ్రామ్‌లు వాడుకునే సిద్ధంగా ఉన్న కోడ్). ఒకటి రోగులు అపాయింట్‌మెంట్ తీసుకునే వెబ్‌సైటు. మరొకటి లోపలి నెట్‌వర్క్‌లో మాత్రమే ఉండి లాగ్‌లను భద్రపరిచే యంత్రం. మొదటిది తక్షణం, రెండోది తదుపరి విడత అని తోస్తుంది. అయితే ఈ లోపం పనిచేసే తీరు గమనించండి: పేరు రాసే గడిలో ఎవరైనా డాలరు గుర్తు, ఫ్లవర్ బ్రాకెట్‌తో మొదలయ్యే ఒక పంక్తిని టైపు చేస్తే, దాన్ని లాగ్‌లో రాసే క్షణాన లైబ్రరీ ఆ పంక్తిని ఆదేశంగా చదివి, దాడి చేసేవాడు చెప్పిన బయటి సర్వర్‌ను సంప్రదిస్తుంది. ఆ పంక్తి వెబ్‌సైటు నుంచి లోపలి లాగ్ యంత్రానికీ ప్రయాణిస్తుంది. ఆ యంత్రానికి బయటికి వెళ్లే దారి తెరిచి ఉంటే అదీ దాడికి చిక్కుతుంది. అందువల్ల ఫైర్‌వాల్ వెనుక ఉందా లేదా అని చూసి ఆగకుండా, బయటి మనిషి టైపు చేసిన అక్షరం ఎంతవరకు వెళుతోందో గీత గీసి చూడాలి.

మూడో ప్రశ్న: దాడిని మనిషి ప్రమేయం లేకుండా యంత్రాలపై వరుసగా నడపవచ్చా? 2017 మే 12న మొదలైన వానాక్రై అనే, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే హానికర ప్రోగ్రామ్ అలాగే వ్యాపించింది. దాన్ని ఆపే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే విడుదల చేసింది. అయినా బ్రిటన్ ఆసుపత్రులతో పాటు ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. నాలుగోది: ఈ యంత్రం ఆగితే ఎవరికి నష్టం? దీనికి జవాబు ఐటీ గదిలో దొరకదు, ల్యాబ్‌లోనో బిల్లింగ్ కౌంటర్‌లోనో పనిచేసేవారిని అడగాలి.

నాలుగు నిర్ణయాలకూ గడువులు ముందే రాసి, యాజమాన్యంతో సంతకం చేయించండి. తక్షణం అంటే 48 గంటలా, వారమా అన్నది దాడి జరుగుతున్న రాత్రి చర్చించే విషయం కాదు. ఆసుపత్రిలోని పాత స్కానింగ్ యంత్రం లాంటి వాటికి ప్యాచే రాకపోతే, దాన్ని వేరే నెట్‌వర్క్‌లోకి మార్చడం, అవసరం లేని పోర్టు మూయడం వంటి తాత్కాలిక ఏర్పాటు చేసి, దాన్ని మళ్లీ పరిశీలించే తేదీని షీటులో రాయాలి.

చివరిగా, పని పూర్తయిందని షీటులోని వరుసను మూసివేసే విషయం. ప్రజల అప్పుల వివరాలు భద్రపరిచే అమెరికా సంస్థ ఈక్విఫ్యాక్స్‌లో 2017 మార్చి 9న, అపాచీ స్ట్రట్స్ అనే వెబ్ సాఫ్ట్‌వేర్ లోపాన్ని 48 గంటల్లో సరిచేయాలని మెయిల్‌లో ఆదేశం వెళ్లింది. అంటే ప్రాధాన్యం సరిగానే నిర్ణయించారు. తరువాత నడిపిన స్కాన్‌కు లోపమున్న సర్వర్ కనబడలేదు, మే నెలలో దాడి చేసినవారికి కనబడింది, సుమారు 14.7 కోట్ల మంది వివరాలు పోయాయి. కాబట్టి మెయిల్ పంపిన రోజున కాక, ఆ యంత్రంలో కొత్త వెర్షన్ సంఖ్యను కళ్లతో చూసిన రోజునే ఆ వరుసను మూయండి. లాగ్‌ఫోర్‌జేకు ఒకే నెలలో 2.15.0, 2.16.0, 2.17.0, 2.17.1 అనే సవరించిన వెర్షన్లు వచ్చాయి గనుక, మూసిన వరుసలను కూడా కొత్త హెచ్చరిక రాగానే తిరిగి తెరిచి అవే నాలుగు ప్రశ్నలు వేయాలి.