రంగంలో పోయిన తాత పేరున స్మారక పత్రం తీసుకోవడం ఎలా

"మిలట్రీలో చేరి రంగంలో పోయాడు" (రంగం అంటే రంగూన్, మనవాళ్ల నోట బర్మా) అన్న ఒక్క ముక్క తప్ప మనిషి గురించి ఇంకేమీ మిగలని ఇళ్లు ఉత్తరాంధ్రలో చాలా ఉన్నాయి. మాదీ అలాంటి ఇల్లే. మా మామ్మ వాళ్ల పెద్దన్నయ్యకి ఫొటో లేదు, సమాధి లేదు, తద్దినం పెట్టడానికి ఫలానా తిథి అని కూడా తెలియదు. అలాంటి మనిషి పేరున ఒక స్మారక పత్రం దొరుకుతుందని, పైసా ఖర్చు లేదని చెబితే మా చుట్టాలే నమ్మలేదు. నేను బ్యాంకులో పనిచేస్తాను. సంతకాలు పోల్చడం, పేర్లలో తేడాలు పట్టుకోవడం నా రోజువారీ పని. ఈ పనికి కావాల్సింది కూడా సరిగ్గా అదే.

ఆ పత్రం ఇచ్చేది కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్. 1917లో పెట్టిన సంస్థ. రెండు ప్రపంచ యుద్ధాల్లో చనిపోయిన సుమారు 17 లక్షల మంది వివరాలు వీళ్ల దగ్గర ఉన్నాయి. అప్పటి బ్రిటిష్ ఇండియా సైన్యంలో చేరిన మనవాళ్లూ అందులోనే ఉంటారు. తుపాకీ పట్టినవాళ్లే అక్కర్లేదు, రోడ్లు వేసినవాళ్లు, లారీలు నడిపినవాళ్లు, వంటవాళ్లు, ఆసుపత్రి సిబ్బంది కూడా సైన్యం రోల్లో ఉంటే లెక్కే. మొదటి యుద్ధానికి 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 వరకు, రెండో యుద్ధానికి 1939 సెప్టెంబర్ 3 నుంచి 1947 డిసెంబర్ 31 వరకు సర్వీసులో ఉండగా చనిపోయి ఉండాలి. బాంబు పడే పోవక్కర్లేదు. మలేరియాతో ఆసుపత్రిలో పోయినవాళ్ల పేర్లూ ఉంటాయి.

అప్లై చేయడం అంటాం గానీ నిజానికి నింపాల్సిన ఫారం ఏదీ లేదు. వాళ్ల వెబ్‌సైట్‌లో పేరు దొరికితే, ఆ పేజీలోనే సర్టిఫికెట్ డౌన్‌లోడ్ చేసుకునే బటన్ ఉంటుంది. దానికి రెండు నిమిషాలు చాలు. ఆ పేరు మీ మనిషిదేనని తేల్చుకోవడం దగ్గరే అసలు తిప్పలు. అందుకే కంప్యూటర్ దగ్గరికి వెళ్లకముందు ఇల్లు వెతకండి.

వెతకాల్సింది సర్వీస్ నంబర్ కోసం. ఒక రెజిమెంట్‌లో పదిమంది అప్పలస్వాములు ఉండొచ్చు, నంబర్ మాత్రం ఎవరిది వాళ్లదే. మాకు అది మామ్మ వాళ్ల అమ్మకి వచ్చిన ఫ్యామిలీ పెన్షన్ కాగితం మీద దొరికింది. ట్రంకు పెట్టె అడుగున, పాత పంచాంగాల మధ్య, నాలుగు మడతలు పెట్టి ఉంది. మడత పడ్డచోట కాగితం చిరిగి రెండు అంకెలు సగమే కనిపించాయి. ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసి చూస్తే చదవగలిగాం. ఇలాంటి కాగితం దొరికితే వెంటనే ఫొటో తీసి పెట్టుకోండి. లామినేషన్ మాత్రం చేయించకండి. ఆ వేడికి పాత సిరా, కాగితం రెండూ పాడవుతాయి.

పతకం ఉంటే ఇంకా మంచిది. రెండో యుద్ధంలో బ్రిటన్ సైనికులకి ఇచ్చిన పతకాల మీద పేర్లు చెక్కలేదు గానీ మన సైనికులకి ఇచ్చినవాటి మీద పేరు, నంబర్ ఉండడం మామూలే. గుండ్రటి పతకమైతే అంచు మీద, నక్షత్రం ఆకారంలో ఉంటే వెనకవైపు చూడండి. మన ఇళ్లలో ఇత్తడి కనబడితే చాలు, చింతపండు పెట్టి తోమేస్తారు. పతకం జోలికి చింతపండు, పీతాంబరి రెండూ రానివ్వకండి. అక్షరాలు అసలే సన్నగా ఉంటాయి, తోమేకొద్దీ అరిగిపోతాయి. పొడి బ్రష్‌తో దుమ్ము దులిపి, చీకటి గదిలో ఫోన్ టార్చ్‌ని పక్కనుంచి వేయండి, అంకెలు తేలతాయి. అప్పటికీ తెలియకపోతే పల్చటి కాగితం కప్పి పెన్సిల్‌తో మెల్లగా రుద్దండి. ఆ పొట్టి అక్షరాల్లో ఎస్‌పీఆర్ అంటే సాపర్ (ఇంజనీరింగ్ దళం సిపాయి), హెచ్‌ఏవీ అంటే హవల్దార్, ఆర్‌ఐఏఎస్‌సీ అంటే రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్ (సరుకుల రవాణా దళం). మొదటి యుద్ధంలో పోయినవాళ్ల ఇళ్లకైతే సింహం పక్కన స్త్రీమూర్తి ఉన్న అరచేయంత కంచు బిళ్ల ఒకటి వచ్చేది. దాని మీద పేరు తప్ప హోదా, నంబర్ ఉండవు.

ఇవేవీ లేకపోతే పెద్దవాళ్లే దిక్కు. "ఏ సంవత్సరం వెళ్లాడు?" అని అడిగితే ఎవరూ చెప్పలేరు. "విశాఖపట్నం మీద జపానువాళ్లు బాంబులు వేశాక వెళ్లాడా, ముందా?" అని అడగండి, టక్కున చెబుతారు. అది 1942 ఏప్రిల్ 6. ఇంకో సంగతి కూడా వాళ్ల దగ్గరే తేల్చుకోవాలి. యుద్ధానికి ముందు మన జిల్లాల నుంచి రంగానికి కూలికి వెళ్లినవాళ్లు కుప్పలుతెప్పలు. 1942 మార్చిలో రంగం జపాను చేతికి వెళ్లింది. ఆ రోజుల్లో కొండలు, అడవులు దాటి నడిచొస్తూ దారిలో చనిపోయిన మనవాళ్లు ఎందరో. ఇళ్లలో ఇద్దరినీ కలిపి "రంగంలో పోయాడు" అనే అంటారు. కూలికి వెళ్లినాయన పేరు సైన్యం రికార్డులో ఉండదు. జీతం మనియార్డరు ఎక్కడినుంచి వచ్చేదో, పోయాక పెన్షన్ వచ్చిందో లేదో అడిగితే తేడా తెలిసిపోతుంది.

ఇక సైట్‌లో వెతకడం. నంబర్ ఉంటే దాంతోనే మొదలుపెట్టండి. లేకపోతే పేరుతో. మన పేర్లకి ఇక్కడే గండం. మీరు ఇంటిపేరు, పేరు వరస ప్రకారం కొడితే చాలాసార్లు ఏమీ రాదు. ఎక్కువమంది మనవాళ్ల ఇంటిపేరు రికార్డులోకే ఎక్కలేదు. సర్‌నేమ్ అన్న గడిలో అసలు పేరే కూర్చుని ఉంటుంది. కాబట్టి ఆ గడిలో పేరు మాత్రమే రాసి, రెండో గడి ఖాళీగా వదిలేయండి. తర్వాత స్పెల్లింగ్. స్వామి చివర ఐ పెట్టారా, వై పెట్టారా, మధ్యలో డబ్ల్యూ దూర్చారా? నరసయ్యలో వై ఒకటా, రెండా? అప్పలస్వామి ఒక మాటా, రెండు మాటలా? ఆ పేరు రాసుకున్న క్లర్కుకి తెలుగు రాదు, చెవికి ఎలా వినబడితే అలా రాసేశాడు. తెల్లకాగితం మీద తోచిన స్పెల్లింగులన్నీ రాసుకుని ఒక్కొక్కటీ కొట్టి, కొట్టేసుకుంటూ వెళ్లండి.

పేరుతోపాటు ఏ దేశ సైన్యం అన్నచోట ఇండియా, ఏ యుద్ధం అన్నచోట మొదటిదో రెండోదో పెడితే జాబితా చాలావరకు తగ్గుతుంది. అయినా చాంతాడంత ఉంటే ఆ ఫలితాలని డౌన్‌లోడ్ చేసుకుని ఎక్సెల్‌లో తెరవండి. అదనపు సమాచారం అన్న వరసలో కొందరికి తండ్రి పేరు, ఊరు, జిల్లా ఉంటాయి. అక్కడ జిల్లా పేరు పెట్టి వెతకండి, కానీ ఇప్పటి జిల్లా కాదు. విజయనగరం జిల్లా 1979లో వచ్చింది, శ్రీకాకుళం 1950లో. రెండో యుద్ధం నాటికి మనవాళ్లంతా వైజాగపటం జిల్లావాళ్లే. ప్రకాశం జిల్లా 1970లో పుట్టింది, కాబట్టి ఒంగోలు వాళ్లు గుంటూరులోనో, కందుకూరు వాళ్లు నెల్లూరులోనో వెతుక్కోవాలి. తెలంగాణవాళ్లకి హైదరాబాద్ సంస్థానం అనే ఉండే అవకాశం ఎక్కువ.

దొరికిన పేరు పక్కన ఏదో ఒక స్మారకం పేరు ఉంటుంది. దాన్నిబట్టి కూడా మీ మనిషో కాదో కొంత పోల్చుకోవచ్చు. బర్మాలో పోయి సమాధి తెలియనివాళ్ల పేర్లు యాంగోన్‌కి (అప్పటి రంగూన్‌కి) ఉత్తరాన టౌక్యాన్‌లో ఉన్న రంగూన్ మెమోరియల్ స్తంభాల మీద ఉన్నాయి, దాదాపు 27 వేలు. మలయా, సింగపూర్ వైపు పోయినవాళ్లు సింగపూర్‌లో క్రాంజీ దగ్గరున్న స్మారకంలో ఉంటారు. హిందువులని, సిక్కులని దహనం చేశారు కాబట్టి కోహిమాలో, ఇంఫాల్‌లో విడిగా దహన స్మారకాలు కట్టారు. కోహిమా దానిమీద 917 పేర్లున్నాయి. ఢిల్లీ, కరాచీ స్మారకాల కింద కూడా 25 వేలకు పైగా పేర్లున్నాయి. బర్మా వెళ్లాడని మీ ఇంట్లో చెప్పుకుంటున్నా రికార్డులో ఢిల్లీ స్మారకం కనిపిస్తే కంగారుపడకుండా నంబర్, తండ్రి పేరు చూడండి. మా పెదతాతది రంగూన్ మెమోరియల్. పయొనీర్ కోర్‌లో చేశాడట, అంటే రోడ్లు వేసే దళం. తండ్రి పేరు సరిగ్గానే ఉంది. ఊరి పేరు ఎలా రాశారో చూసి మా నాన్న పొట్ట పట్టుకుని నవ్వాడు.

కనీసం రెండు వివరాలు కలవాలని నా లెక్క. నంబర్, యూనిట్ కలిస్తే ఇక అనుమానమే లేదు. పేరు, జిల్లా మాత్రమే కలిస్తే ఆగండి. ఇంకొకరి తాతని మన గోడకి తగిలించుకోవడం బాగోదు.

అదే పేజీలో పాత రిజిస్టర్ల స్కాన్ కాపీలు కూడా ఉంటాయి. సర్టిఫికెట్‌తోపాటు అవీ దింపుకోండి. నాకైతే సర్టిఫికెట్ కన్నా ఆ టైపు మిషన్ అక్షరాల వరసలో ఆయన పేరు చూడడమే ఎక్కువ అనిపించింది. పత్రం మీద పేరు, హోదా, నంబర్, యూనిట్, చనిపోయిన తేదీ, స్మారకం పేరు ఉంటాయి. అంతా ఇంగ్లీషే. మా మామ్మ చదవలేదని కింద ఒక చీటీ మీద తెలుగులో రాసి ఫ్రేములోనే పెట్టించాను. మామూలు జిరాక్స్ కాగితం మీద తీస్తే కొన్నేళ్లకి పచ్చబడొచ్చు. దళసరి కాగితం మీద కలర్ లేజర్ ప్రింట్ తీయించండి. చనిపోయిన తేదీ చేతికొచ్చింది కాబట్టి తిథి ఏదో పురోహితుడు పాత పంచాంగం చూసి చెప్పేస్తాడు.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఈ పత్రంతో పెన్షన్ రాదు, భూమి రాదు, పిల్లలకి సైనికుల కోటాలో సీటు రాదు. మా చుట్టాల దగ్గరికి ఒకాయన వచ్చి ఢిల్లీలో తనకి మనిషి ఉన్నాడని, పదివేలిస్తే ముద్ర వేయించి తెస్తానని బేరం పెట్టాడు. ఊరికే వచ్చేదానికి బేరమేమిటి, పొమ్మనండి.

పేరులో తప్పుంటే సరిచేయమని కమిషన్‌కి రాయొచ్చు. "మా ఇంట్లో అలా అనుకునేవాళ్లం" అంటే కుదరదు, అప్పటి కాగితం ఏదో జతచేయాలి. అసలు పేరే లేకపోయినా ఆశ వదులుకోకండి. ముఖ్యంగా మొదటి యుద్ధంలో ఆఫ్రికా, పశ్చిమాసియా వైపు పోయిన ఎంతోమంది భారతీయులు, ఆఫ్రికన్ల పేర్లు ఎక్కనే లేదని కమిషన్ వేసిన కమిటీయే 2021లో ఒప్పుకుంది. ఆ లెక్క కనీసం 1,16,000, ఇంకా చాలా ఎక్కువ కూడా కావొచ్చని, వాళ్లలో ఎక్కువమంది తూర్పు ఆఫ్రికా, ఈజిప్టువాళ్లేనని. సర్వీసులో ఉండగా పోయాడనడానికి ఆధారం పంపితే పరిశీలిస్తారు. దీనికి మాత్రం ఓపిక కావాలి.

యుద్ధం నుంచి క్షేమంగా తిరిగొచ్చిన తాతలకి ఈ పత్రం వర్తించదు. వాళ్ల సర్వీసు వివరాలు కావాలంటే రెజిమెంట్ రికార్డు ఆఫీసుకి ఉత్తరం రాయాలి. మద్రాస్ రెజిమెంట్‌కి నీలగిరుల్లోని వెల్లింగ్టన్, మద్రాస్ సాపర్లకి, సర్వీస్ కోర్‌కి, పయొనీర్లకి బెంగళూరు. పాత హైదరాబాద్ రెజిమెంట్ 1945లో కుమావోన్ రెజిమెంట్ అయింది, దాని కేంద్రం రాణీఖేత్‌లో ఉంది. ఎక్కడికి రాయాలో అర్థంకాకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి. స్వాతంత్ర్యం వచ్చాక జరిగిన యుద్ధాల్లో అమరులైనవాళ్ల పేర్లు ఢిల్లీలో 2019లో ప్రారంభించిన జాతీయ యుద్ధ స్మారకంలో ఉంటాయి. ఎవరికి రాసినా నంబర్, యూనిట్, పేరుకి మీకు తెలిసిన స్పెల్లింగులన్నీ మొదటి రెండు లైన్లలోనే పెట్టేయండి. కుటుంబ కథ ఎంత బాగున్నా రెండో పేజీలో రాసుకోవచ్చు.