సెట్టింగుల తెర, ఐదవ పాఠం: ఎంపిక జాబితాను మనకు కావలసినట్లు మలచుకోవడం

గత పాఠంలో అవును, కాదు అనే రెండే జవాబులున్న స్విచ్‌ను సెట్టింగుల తెరలో పెట్టి, దాని విలువను షేర్డ్‌ప్రిఫరెన్సెస్‌లో, అంటే యాప్ తన సెట్టింగులను దాచుకునే చోట, నిలవ చేశాం. ప్రశ్నకు మూడో నాలుగో జవాబులున్నప్పుడు స్విచ్ చాలదు, జాబితా కావాలి. ఆండ్రాయిడ్‌లో ఇందుకు లిస్ట్‌ప్రిఫరెన్స్ సిద్ధంగా ఉంది. ఈ పాఠంలో దానిని మొదట ఉన్నది ఉన్నట్లుగా వాడి, ఆ తరువాత దాని కింద కనిపించే సారాంశ వాక్యాన్ని, చివరకు జాబితాలోని వరుసల రూపాన్నే మార్చుతాం. మనం వాడుతున్నది ఆండ్రాయిడ్‌ఎక్స్ ప్రిఫరెన్స్ లైబ్రరీ. ఆండ్రాయిడ్‌లోనే అంతర్భాగంగా ఉన్న పాత ప్రిఫరెన్స్ ప్యాకేజీని ఆండ్రాయిడ్ 10తో, అంటే ఏపీఐ 29తో, పక్కన పెట్టేశారు కాబట్టి దాని ఆధారంగా రాసిన పాత ఉదాహరణలు ఎదురైతే వాటిని యథాతథంగా దించుకోవద్దు. క్లాసుల పేర్లను, ఫంక్షన్ల పేర్లను ఉచ్చారణ ప్రకారం రాస్తున్నాను. మొదటి కొన్ని అక్షరాలు టైప్ చేయగానే ఎడిటరే అసలు పేరును చూపిస్తుంది.

యాప్ రంగుల తీరును ఎంచుకునే జాబితాతో మొదలుపెడదాం. ఎక్స్ఎంఎల్ ఫైలులో లిస్ట్‌ప్రిఫరెన్స్ ట్యాగ్ రాసి, దానికి కీ, టైటిల్, డిఫాల్ట్‌వాల్యూలతో పాటు ఎంట్రీస్, ఎంట్రీవాల్యూస్ అనే రెండు శ్రేణులను జోడించాలి. ఎంట్రీస్‌లో ఉండేది వాడుకరి చదివే మాట: 'ఫోన్‌లో ఉన్నట్లే', 'లేత రంగు', 'ముదురు రంగు'. ఎంట్రీవాల్యూస్‌లో ఉండేది యాప్ గుర్తుపెట్టుకునే మాట: 'సిస్టమ్', 'లైట్', 'డార్క్'. ఈ రెండు శ్రేణులనూ కలిపే బంధం వరుస సంఖ్య ఒక్కటే. మొదటి మాటకు మొదటి విలువ, రెండవ మాటకు రెండవ విలువ. పొడవులు సమానంగా ఉన్నాయో లేదో ముందుగా చూసి హెచ్చరించేవారెవరూ లేరు. రెండింటిలో ఏ ఒక్కటి అసలే ఇవ్వకపోయినా, జాబితా తెరవబోయిన క్షణంలో ఇల్లీగల్‌స్టేట్‌ఎక్సెప్షన్‌తో యాప్ ఆగిపోతుంది.

ఒకే విషయానికి రెండు శ్రేణులెందుకని మొదటిసారి చూసినవారికి అనిపించడం సహజమే. నాకూ అనిపించింది. నేను మొదట రాసిన యాప్‌లో బద్ధకించి విలువలుగా 0, 1 అని పెట్టాను. 0 అంటే లేత రంగు, 1 అంటే ముదురు రంగు. కొంతకాలానికి 'ఫోన్‌లో ఉన్నట్లే' అన్న ఎంపికను జాబితా తలభాగంలో చేర్చి, క్రమం అందంగా ఉండాలని విలువలను 0, 1, 2గా తిరగరాశాను. కొత్త సంచిక వేసుకున్నవారిలో అంతకుముందు ముదురు రంగు ఎంచుకున్న ప్రతి ఒక్కరికీ తెల్లని తెర ఎదురైంది, ఎందుకంటే వారి ఫోన్లలో నిలవ ఉన్న 1కి అర్థం మారిపోయింది. కోడ్‌లో ఎక్కడా దోషం లేదు, ఏ హెచ్చరికా రాలేదు. అందువల్ల ఈ పాఠంలో ఎన్ని మార్పులు చేసినా ఒక కట్టుబాటు పాటిద్దాం: కంటికి కనిపించేది ఏదైనా మార్చవచ్చు, ఒకసారి విడుదలైన విలువను మాత్రం మార్చకూడదు, దాని అర్థాన్నీ మార్చకూడదు. విలువ అంకె కాకుండా అర్థమున్న పదమైతే ఈ కట్టుబాటు పాటించడం సులభమవుతుంది.

ఇదే కారణం చేత ఎంట్రీవాల్యూస్ శ్రేణిని వేరే ఫైలులో పెట్టి, దానికి ట్రాన్స్‌లేటబుల్ లక్షణాన్ని ఫాల్స్‌గా ఇవ్వండి. ఎంట్రీస్ ప్రతి భాషలోకీ అనువాదం కావలసినవే. విలువలు కూడా పొరపాటున అనువాదమైతే, వాడుకరి ఫోన్ భాష మార్చిన మరుక్షణం నిలవ ఉన్న విలువకు సరిపోయే వరుస జాబితాలో దొరకదు, ఏ వరుసా ఎంపికైనట్లు కనిపించదు.

లిస్ట్‌ప్రిఫరెన్స్ నిలవ చేసేది ఎప్పుడూ స్ట్రింగే. నిమిషాల సంఖ్యను ఎంచుకునే జాబితా రాసి, '15' అన్న విలువను గెట్‌ఇంట్‌తో చదవబోతే క్లాస్‌కాస్ట్‌ఎక్సెప్షన్ వస్తుంది. గెట్‌స్ట్రింగ్‌తో చదివి, ఆ తరువాత సంఖ్యగా మార్చుకోవాలి. ఎక్స్ఎంఎల్‌లో రాసిన డిఫాల్ట్‌వాల్యూ కూడా వాడుకరి సెట్టింగుల తెరను తెరిచేదాకా నిలవలోకి చేరదు. ముందే చేరాలంటే యాప్ మొదలయ్యే చోట ప్రిఫరెన్స్‌మేనేజర్‌లోని సెట్‌డిఫాల్ట్‌వాల్యూస్‌ను పిలవాలి.

ఇప్పుడు సారాంశ వాక్యం. ఎంపికైన మాట టైటిల్ కింద కనిపిస్తే చాలుననుకుంటే, ట్యాగ్‌లో యూజ్‌సింపుల్‌సమరీప్రొవైడర్‌ను ట్రూ చేస్తే పని అయిపోతుంది. అంతకంటే వివరంగా కావాలంటే, ఉదాహరణకు 'ముదురు రంగు: రాత్రి చదవడానికి అనువు' అని చూపించాలంటే, కోడ్‌లో సమరీప్రొవైడర్‌ను మనమే రాసి, ప్రిఫరెన్స్ విలువను బట్టి వాక్యాన్ని తిరిగి ఇవ్వాలి. ప్రొవైడర్ పెట్టిన తరువాత ఇంకెక్కడైనా సెట్‌సమరీ పిలిస్తే లైబ్రరీ ఒప్పుకోదు, ఎక్సెప్షన్ విసురుతుంది. ప్రొవైడర్ లేకుండా సమరీలో శాతం గుర్తు, ఎస్ అక్షరం కలిపి రాసే పాత పద్ధతి ఇప్పటికీ పనిచేస్తుంది. ఆ గుర్తు ఉన్నచోట ఎంపికైన మాట వచ్చి కూర్చుంటుంది. ఆ పద్ధతిలో మీ వాక్యంలో నిజంగానే శాతం గుర్తు కావలసి వస్తే దానిని రెండుసార్లు రాయాలి, లేకపోతే లైబ్రరీ దానిని ఆదేశంగా చదువుకుంటుంది.

అసలు మలచడం ఇక్కడినుంచి మొదలవుతుంది. చదివే యాప్‌లో అక్షరాల రూపాన్ని, అంటే ఫాంట్‌ను, ఎంచుకునే జాబితా ఉందనుకుందాం. ఫాంట్ల పేర్లను వరుసగా చూపిస్తే వాడుకరికి ఏమీ బోధపడదు; ప్రతి పేరూ దాని ఫాంట్‌లోనే కనిపించాలి. లిస్ట్‌ప్రిఫరెన్స్‌లో వరుస రూపాన్ని మార్చే లక్షణమేదీ లేదు, ఎందుకంటే జాబితాను గీసేది లిస్ట్‌ప్రిఫరెన్స్ కాదు. వాడుకరి వరుసను తాకగానే ప్రిఫరెన్స్‌ఫ్రాగ్మెంట్‌కాంపాట్‌లోని ఆన్‌డిస్‌ప్లేప్రిఫరెన్స్‌డైలాగ్ అనే ఫంక్షన్ నడుస్తుంది. అది తాకిన ప్రిఫరెన్స్ ఏ రకమో చూసి, తగిన డైలాగ్ ఫ్రాగ్మెంట్‌ను, అంటే తెర మీద తెరుచుకునే చిన్న కిటికీని, తయారుచేసి చూపిస్తుంది. మనం జొరబడవలసిన తలుపు అదే.

లిస్ట్‌ప్రిఫరెన్స్ నుంచి ఫాంట్‌ప్రిఫరెన్స్ అనే చిన్న క్లాసును పుట్టించండి. అందులో కాంటెక్స్ట్‌నూ అట్రిబ్యూట్‌సెట్‌నూ తీసుకునే కన్‌స్ట్రక్టర్ తప్ప ఇంకేమీ అక్కర లేదు. ఎక్స్ఎంఎల్‌లో మాత్రం దాని పేరును ప్యాకేజీతో సహా పూర్తిగా రాయాలి. తరువాత మీ సెట్టింగుల ఫ్రాగ్మెంట్‌లో ఆన్‌డిస్‌ప్లేప్రిఫరెన్స్‌డైలాగ్‌ను ఓవర్‌రైడ్ చేసి, వచ్చినది ఫాంట్‌ప్రిఫరెన్స్ అయితే మన డైలాగ్‌ను చూపించండి, కాకపోతే సూపర్‌కు వదిలేయండి. చూపించే ముందు మన డైలాగ్‌కు ఇచ్చే ట్యాగ్‌తో, అంటే గుర్తింపు పేరుతో, డైలాగ్ ఇప్పటికే తెరిచి ఉందేమో చూసుకోవాలి, లేకపోతే త్వరత్వరగా రెండుసార్లు తాకినవారికి ఒకదాని మీద ఒకటి రెండు డైలాగులు తెరుచుకుంటాయి. సెట్‌టార్గెట్‌ఫ్రాగ్మెంట్‌ను పిలవడం కూడా మరువకండి. అది కాలం చెల్లిన ఫంక్షనని ఎడిటర్ గీత గీసి చూపిస్తుంది, అయినా ప్రిఫరెన్స్ డైలాగ్ తన యజమానిని వెతుక్కునేది దాని ద్వారానే కాబట్టి ఈ ఒక్కచోట ఆ హెచ్చరికను భరించక తప్పదు.

డైలాగ్ క్లాసును లిస్ట్‌ప్రిఫరెన్స్‌డైలాగ్‌ఫ్రాగ్మెంట్‌కాంపాట్ నుంచి పుట్టించాలని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ దారిలో వెళితే సగంలో ఆగిపోతాం: తాకిన వరుస సంఖ్యను ఆ క్లాసు దాచుకునే చరరాశి దాని ప్యాకేజీకే పరిమితం, పిల్ల క్లాసుకు అందదు. అందుచేత ఒక మెట్టు పైకి వెళ్ళి ప్రిఫరెన్స్‌డైలాగ్‌ఫ్రాగ్మెంట్‌కాంపాట్ నుంచే మొదలుపెట్టి, వరుస సంఖ్యను మన చరరాశిలో మనమే ఉంచుకుందాం. ఆన్‌ప్రిపేర్‌డైలాగ్‌బిల్డర్‌లో చేయవలసింది మూడు మాటల్లో చెప్పవచ్చు. నిలవ ఉన్న విలువ ఎన్నవ వరుసదో ఫైండ్‌ఇండెక్స్‌ఆఫ్‌వాల్యూతో కనుక్కోవాలి. మన అడాప్టర్‌నూ, అంటే జాబితాలోని ఒక్కో వరుసను తయారుచేసి ఇచ్చే క్లాసునూ, ఆ సంఖ్యనూ సెట్‌సింగిల్‌ఛాయిస్‌ఐటమ్స్‌కు ఇవ్వాలి. పాజిటివ్ బటన్‌ను నల్‌గా పెట్టి తీసేయాలి, ఎందుకంటే వరుసను తాకడమే ఇక్కడ 'సరే' అనడం. వరుసను తాకినప్పుడు నడిచే కోడ్‌లో సంఖ్యను దాచుకుని, పాజిటివ్ బటన్ నొక్కినట్లుగా ఆన్‌క్లిక్‌ను పిలిచి, డైలాగ్‌ను మూసేయండి.

మూసుకోగానే ఆన్‌డైలాగ్‌క్లోజ్డ్ నడుస్తుంది. అది ట్రూతో వచ్చిందో, వాడుకరి వెనక్కి వెళ్ళిపోవడం వల్ల ఫాల్స్‌తో వచ్చిందో చూసి, ట్రూ అయితేనే విలువను తీసుకోవాలి. నేరుగా సెట్‌వాల్యూ చేయకుండా ముందు కాల్‌ఛేంజ్‌లిజనర్‌ను అడగాలి. అది ఫాల్స్ అంటే మార్పును వదిలేయాలి. ఈ మర్యాద పాటించకపోతే, తెరలో మరెక్కడో ఆన్‌ప్రిఫరెన్స్‌ఛేంజ్‌లిజనర్ పెట్టి కొన్ని ఎంపికలను నిరాకరిస్తున్న కోడ్‌కు విషయమే తెలియదు.

అడాప్టర్ విషయంలో రెండు చిక్కులున్నాయి. వరుస లేఅవుట్‌కు మూలమైన వ్యూ చెకబుల్, అంటే ఎంపిక గుర్తును పెట్టుకోగలిగేది, అయి ఉండాలి. చెక్డ్‌టెక్స్ట్‌వ్యూ అటువంటిదే కాబట్టి దానిని వాడితే ఎంపిక గుర్తు తనంతట తానే పడుతుంది. లీనియర్‌లేఅవుట్‌లో రేడియోబటన్ పెట్టి మీరే కూర్చుకుంటే గుర్తు పడదు సరికదా, ఆ బటన్ తాకిడిని మింగేసి వరుస దాకా రానివ్వదు. దాని క్లికబుల్, ఫోకసబుల్ లక్షణాలను ఫాల్స్ చేసి, గుర్తును మీరే పెట్టాలి. రెండవ చిక్కు, గెట్‌వ్యూకు వచ్చే వరుస పాతది కావచ్చు. పైకి జరిగి కనుమరుగైన వరుసనే లిస్ట్‌వ్యూ తిరిగి ఇస్తుంది కాబట్టి ప్రతి పిలుపులోనూ రిసోర్సెస్‌కాంపాట్‌లోని గెట్‌ఫాంట్‌తో తెచ్చిన ఫాంట్‌ను తప్పకుండా పెట్టాలి. ప్రత్యేక ఫాంట్ లేని మొదటి వరుసకు కూడా మామూలు ఫాంట్‌ను స్పష్టంగా పెట్టండి. వదిలేస్తే అది ఇంతకుముందటి వరుస వేషంతోనే దర్శనమిస్తుంది.

జాబితా ముందుగా తెలియకపోవచ్చు; ఫోన్‌లోకి దించుకున్న ఫాంట్లను బట్టి మారవచ్చు. అప్పుడు శ్రేణులను ఆన్‌క్రియేట్‌ప్రిఫరెన్సెస్‌లోనే సెట్ చేయండి. ఫైళ్ళను వెతకడం ఆలస్యమయ్యే పనైతే, జాబితా చేతికి వచ్చేదాకా ఆ ప్రిఫరెన్స్‌ను నిష్క్రియంగా ఉంచండి. ఒకప్పుడు ఎంచుకున్న ఫాంట్‌ను తరువాత తొలగించి ఉంటే ఫైండ్‌ఇండెక్స్‌ఆఫ్‌వాల్యూ మైనస్ 1 ఇస్తుంది. నిలవ ఉన్న విలువను అప్పటికప్పుడు చెరిపేయకండి, మామూలు ఫాంట్‌తో నడిపించండి; ఆ ఫాంట్ మళ్ళీ వస్తే పాత ఎంపిక దానంతట అదే నిలబడుతుంది.

వచ్చే పాఠంలో ఒకటికి మించి ఎంచుకునే మల్టీసెలెక్ట్‌లిస్ట్‌ప్రిఫరెన్స్‌ను చూద్దాం. ఈలోగా ఈ పాఠంలోని డైలాగ్‌ను పూర్తిచేసి, దానిని తెరిచి ఉంచి ఫోన్‌ను అడ్డంగా తిప్పి చూడండి. డైలాగ్ క్లాసుకు మీరు ఆర్గ్యుమెంట్లున్న కన్‌స్ట్రక్టర్ ఒక్కటే రాసి ఉంటే యాప్ అక్కడే కూలిపోతుంది. సిస్టమ్ ఆ ఫ్రాగ్మెంట్‌ను ఖాళీ కన్‌స్ట్రక్టర్‌తోనే మళ్ళీ పుట్టిస్తుంది కాబట్టి, ప్రిఫరెన్స్ కీని కన్‌స్ట్రక్టర్ ద్వారా కాకుండా ఆర్గ్యుమెంట్స్ బండిల్‌లో, అంటే ఫ్రాగ్మెంట్‌తో పాటు సిస్టమ్ భద్రపరిచే విలువల మూటలో, పెట్టి పంపేలా సరిచేసి, మళ్ళీ తిప్పి చూడండి.