ఫ్లిప్ ఫోన్ కొంటున్నారా, ముందు ఇవి తెలుసుకోండి

నేను ఫ్లిప్ ఫోన్ వాడటం మొదలుపెట్టి రెండేళ్ళు దాటింది. ఉండేది వైజాగ్, ఆఫీసుకి స్కూటీ మీద వెళ్ళొస్తాను, ఫోన్ మాట్లాడి టప్‌మని మడిచి కుర్తీ జేబులో వేసుకున్నప్పుడల్లా పక్కన ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు, అక్కా బావుంటుందా, మధ్యలో విరిగిపోదా, కొనమంటావా అని. నిలబడి అందరికీ అన్నీ చెప్పడం కుదరట్లేదు కాబట్టి నాకు తెలిసినదంతా ఇక్కడ రాసేస్తున్నా. నాది ఏ కంపెనీదో మాత్రం రాయను, ఎందుకంటే ఇక్కడ చెప్పే మంచీ చెడూ ఇంచుమించు ఈ రకం ఫోన్లన్నిటికీ ఉన్నవే.

ముందుగా ఒక విషయం బుర్రలోకి ఎక్కించుకోవాలి. 2004లో వచ్చిన మోటరోలా రేజర్ వీ3 చాలామందికి గుర్తుండే ఉంటుంది, అల్యూమినియం బాడీ, మందం 13.9 మిల్లీమీటర్లే, ప్రపంచం మొత్తం మీద 13 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. అందులో మడత పడేది స్క్రీన్ కాదు, స్క్రీన్ పై ముక్కలో ఉండేది, బటన్లు కింది ముక్కలో ఉండేవి, మధ్యలో కీలు, అంతే, అందుకే దాన్ని ఒక్క చేత్తో ఎగరేసి తెరిచి టప్‌మని మూసినా ఏమీ అయ్యేది కాదు. ఇప్పటి ఫోన్ల సంగతి వేరు. 2020 ఫిబ్రవరిలో శాంసంగ్ వాళ్ళ గెలాక్సీ జెడ్ ఫ్లిప్ వచ్చినప్పుడు గాజునే మడిచే రకం మొదలైంది, ఆ గాజు మందం 30 మైక్రాన్లు, అంటే మన వెంట్రుక కన్నా సన్నం, దాని మీద మళ్ళీ ఒక ప్లాస్టిక్ పొర ఉంటుంది. మన వేలికి తగిలేది ఆ ప్లాస్టిక్కే. మామూలు ఫోన్ స్క్రీన్ మీద తాళాలు పడినా గీత పడదేమో కానీ దీని లోపలి స్క్రీన్ మీద గోరు గట్టిగా గుచ్చితే చాలు, మచ్చ ఉండిపోతుంది.

పట్టుచీర ఉన్నవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. ఏళ్ళ తరబడి ఒకే మడత మీద బీరువాలో పెడితే జరీ ఆ మడత దగ్గరే చీలుతుంది, అందుకే మన అమ్మలు అప్పుడప్పుడు తీసి మడత మార్చి పెడతారు. ఫోన్‌కి మడత మార్చే వీలు లేదు కదా, ఉన్నది ఒక్కటే మడత, రోజుకి వందసార్లు అక్కడే మడవాలి, కాబట్టి జాగ్రత్త అంతా ఆ గీత చుట్టూనే.

కొనేముందు షాపులో ఏం చూడాలి? డెమో పీస్ అడిగి చేత్తో ఒక ఇరవైసార్లు తెరిచి మూయండి, మొహమాటపడకండి, పెట్టేది చిన్న డబ్బు కాదు. సగంలో వదిలేస్తే అక్కడే ఆగాలి, వాలిపోకూడదు. మూసినప్పుడు రెండు ముక్కల మధ్య సందు ఉందేమో పక్కనుంచి కంటికి దగ్గరగా పెట్టి చూడండి, పాత మోడల్స్‌లో కీలు వైపు సందు బాగా కనపడేది, జెడ్ ఫ్లిప్ 5 నుంచి పూర్తిగా కలిసిపోతోంది, సందు లేకపోతే జేబులో దుమ్ము లోపలికి పోయేది తక్కువ. బయట స్క్రీన్ ఎంత ఉందో చూడండి, ఇది చాలా ముఖ్యం, జెడ్ ఫ్లిప్ 5లో 3.4 అంగుళాలు, ఫ్లిప్ 7లో 4.1 అంగుళాలు, అది పెద్దదైతే సగం పనులకి ఫోన్ తెరవక్కర్లేదు, తెరవడం తగ్గితే మడతకి ఆయుష్షు. బ్యాటరీ కూడా అంతే, ఫ్లిప్ 5లో 3700 ఎంఏహెచ్, ఫ్లిప్ 6లో 4000, ఫ్లిప్ 7లో 4300, మామూలు ఫోన్లలో 5000 సర్వసాధారణం అయిపోయిన రోజుల్లో ఇది తక్కువే, సినిమాలు రీల్స్ ఎక్కువ చూసేవాళ్ళు సాయంత్రానికి ఛార్జర్ వెతుక్కోవాలి. ఇంకోటి, మీ ఊళ్ళో ఆ కంపెనీ సర్వీస్ సెంటర్ ఉందా, ఉంటే ఫోల్డబుల్ స్క్రీన్ అక్కడే మారుస్తారా లేక వేరే ఊరు పంపుతారా అని కొనకముందే వెళ్ళి అడగండి. స్క్రీన్ ఇన్సూరెన్స్ మాత్రం తీసుకోవాల్సిందే, మామూలు ఫోన్‌కి నేనెప్పుడూ తీసుకోలేదు, దీనికి తీసుకోమని గట్టిగా చెప్తా.

ఐపీ రేటింగ్, అంటే నీళ్ళు, దుమ్ము లోపలికి పోకుండా ఫోన్ ఎంత ఆపుతుందో చెప్పే అంకె, దాని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నేను దెబ్బతిన్నది ఇక్కడే. ఐపీఎక్స్8 అని రాసి ఉంటే ఆ 8 నీళ్ళకి, ఎక్స్ ఉన్న చోట దుమ్ముకి సంబంధించిన అంకె ఉండాలి, ఎక్స్ అంటే దుమ్ముకి ఏ రేటింగూ ఇవ్వలేదని అర్థం. ఐపీ48 అంటే ఆ 4 దుమ్ము వైపుది, ఒక మిల్లీమీటర్ కన్నా పెద్ద ముక్కలు లోపలికి పోవని మాత్రమే దాని అర్థం. మన బీచ్ ఇసుక రేణువు అంతకన్నా చిన్నది. అంటే వర్షంలో తడిస్తే పర్లేదు, ఇసుకలో పడితే దేవుడి మీద భారం.

కొన్న నాలుగో నెలలో ఆదివారం పొద్దున్న రుషికొండ వెళ్ళాం. పిల్లలకి ఫొటోలు తీసి, చేతికి ఇసుక ఉన్న సంగతి చూసుకోకుండా ఫోన్ మడిచేశా. మూసేటప్పుడు సన్నగా కర్ మన్న చప్పుడు, ఆవగింజ పంటి కింద పడితే వస్తుందే, అలాంటిది. తెరిచి చూస్తే మడత గీతకి కొంచెం పైన సూదిమొన అంత తెల్ల చుక్క. వేలితో తడిమితే గుంట తగులుతోంది. వారం తిరిగేసరికి ఆ చుక్క నుంచి నిలువుగా ఆకుపచ్చ గీత దిగింది. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే ఇది వారంటీలోకి రాదు మేడం, లోపలి స్క్రీన్ మొత్తం మార్చాలి అన్నారు, వాళ్ళు చెప్పిన రేటుకి ఒక మంచి మిడ్ రేంజ్ ఫోన్ కొత్తది వచ్చేస్తుంది. ఇన్సూరెన్స్ ఉండబట్టి బయటపడ్డా. అప్పట్నుంచి బీచ్‌కి వెళ్తే ఫోన్ చిన్న జిప్ కవర్లో పెట్టి తీసుకెళ్తున్నా, ఫొటో తీశాక మూసేముందు లోపలి స్క్రీన్ కిందకి తిప్పి రెండుసార్లు మెల్లిగా తట్టి, మెత్తటి బట్టతో తుడిచి అప్పుడే మడుస్తున్నా. నోటితో ఉఫ్ అని ఊదకండి, రేణువు పోయి కీలు సందులో దూరుతుంది.

ఫోన్ ఇంటికి తెచ్చాక మొదటి రోజే గుర్తుపెట్టుకోవాల్సింది, లోపలి స్క్రీన్ మీద ఉన్న ఫిల్మ్, అంటే ముందు చెప్పిన ప్లాస్టిక్ పొర, పీకకండి. కొత్త ఫోన్ అనగానే కవర్ పీకేయడం మనకి అలవాటు, ఇది ఆ కవర్ కాదు, స్క్రీన్‌లో భాగం. దాని మీద టెంపర్డ్ గ్లాస్ వేయించుకోవద్దు, బజార్లో ఎవరైనా వేస్తామన్నా వద్దనండి, గట్టి గాజు మడత పడదు. కేస్ మాత్రం వేయించుకోండి, రెండు ముక్కలుగా వస్తుంది, కీలు మీద కూడా కప్పు ఉండే రకం అయితే ఇంకా మేలు.

తెరిచేటప్పుడు రెండు చేతులూ వాడండి, బొటనవేళ్ళు రెండూ అంచుల మీద పెట్టి పుస్తకం తెరిచినట్టు తెరవండి. సందులో గోరు దూర్చి లేపితే ఆ గోరు ఎక్కడ తగులుతుందో చెప్పలేం. సినిమా టికెట్, వందనోటు, సిమ్ పిన్ను, ఏదీ లోపల పెట్టి మూయొద్దు, పర్సు అనుకుని పెట్టేసేవాళ్ళని చూశాను. ఎన్నిసార్లు మడవొచ్చు అని అందరూ అడుగుతారు. జెడ్ ఫ్లిప్ 5 వచ్చినప్పుడు కంపెనీ చెప్పింది 2 లక్షల సార్లు. రోజుకి వందసార్లు వేసుకున్నా 2 లక్షలు అంటే ఐదేళ్ళ పైమాటే. కాబట్టి మడత లెక్క గురించి బెంగ వద్దు, మనకి తంటా అంతా దుమ్ముతోనే.

ఇక దీనితో సుఖం ఏంటంటే, ఫస్ట్ జేబు. ఆడవాళ్ళ కుర్తీల జేబుల సంగతి తెలిసిందే, మామూలు ఫోన్ పెడితే సగం బయటికి వేలాడుతుంది, వంగితే జారిపోతుంది. ఇది మడిస్తే పొడవు 8.5 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది, హాయిగా కూర్చుంటుంది. పెళ్ళికి వెళ్ళినప్పుడు చేతిలో పట్టుకునే చిన్న పర్సులో కూడా పట్టేస్తుంది. మందం మాత్రం రెట్టింపు అవుతుంది, టైట్ జీన్స్ వేసుకునేవాళ్ళకి ఉబ్బెత్తుగా తెలుస్తుంది.

రెండోది ఫొటోలు. మెయిన్ కెమెరా, బయటి స్క్రీన్ రెండూ ఒకే వైపు ఉంటాయి కాబట్టి మడిచి పెట్టి సెల్ఫీ తీసుకుంటే మంచి కెమెరాతో వస్తుంది. సగం మడిచి నేల మీదో టేబుల్ మీదో పెట్టి, అరచెయ్యి చూపిస్తే టైమర్ మొదలవుతుంది, ఆ ఆప్షన్ కెమెరా సెట్టింగ్స్‌లో ఆన్ చేసుకోండి. మా ఇంట్లో సంక్రాంతికి పద్నాలుగు మందిమి ఉన్న ఫొటోలో ఎవరూ మిస్ అవ్వలేదు, లేకపోతే తీసేవాళ్ళు ఎప్పుడూ ఫొటోలో ఉండరు కదా. వంట చేస్తూ మా చెల్లితో వీడియో కాల్ మాట్లాడాలన్నా అంతే, ఎల్ ఆకారంలో గట్టు మీద పెట్టేస్తే చెంబుకో డబ్బాకో ఆనించక్కర్లేదు, పొయ్యికి మాత్రం దూరంగా పెట్టండి, వేడి, నూనె చిట్లడం రెండూ ఆ ప్లాస్టిక్ పొరకి పడవు.

మూడోది నేను అనుకోనిది. మూసి ఉన్న ఫోన్‌ని ఊరికే తెరవబుద్ధి కాదు. మెసేజ్ వస్తే బయటి స్క్రీన్ మీద చూసి ఓకే అని కొట్టేసి వదిలేస్తాను, ఇంతకుముందైతే మెసేజ్ చూడ్డానికి తీసి అరగంట రీల్స్‌లో ఉండిపోయేదాన్ని. మీకూ అలా కావాలంటే బయటి స్క్రీన్ మీద మ్యాప్స్, పాటలు, మెసేజ్‌లు, వాతావరణం ఇవే పెట్టుకోండి. శాంసంగ్‌లో అన్ని యాప్స్ బయట రావాలంటే గుడ్‌లాక్ అనే యాప్‌లో మల్టీస్టార్ అనే భాగం వేసుకుని వాటిని చేర్చుకోవచ్చు, మోటరోలా ఇప్పటి రేజర్ మడత ఫోన్లలో చాలా యాప్స్ బయటి స్క్రీన్ మీదే తెరుచుకుంటాయి.

ఇక విసిగించేవి. అన్నిటికన్నా ముందు ఫోన్ పే, గూగుల్ పే. కెమెరా, బయటి స్క్రీన్ ఒకే వైపు అని చెప్పా కదా, అదే ఇక్కడ తంటా, బయటి స్క్రీన్ చూస్తూ క్యూఆర్ స్కాన్ చేయలేం, కోడ్ వైపు కెమెరా తిప్పితే స్క్రీన్ కూడా అటే తిరుగుతుంది. రైతు బజార్లో ఒక చేతిలో కొత్తిమీర కట్ట, ఇంకో చేతిలో టమాటాల సంచి, వెనక జనం, ఫోన్ తెరవాలంటే రెండు చేతులూ కావాలి. నేను ఇప్పుడు బజారుకి వెళ్ళేముందు రెండు మూడు వందలు చిల్లర జేబులో వేసుకుంటున్నా, లేదా వరుసలో ఉన్నప్పుడే స్కానర్ తెరిచి పెట్టుకుంటున్నా. చేతులు తడిగా, మట్టిగా ఉంటే అసలు తెరవొద్దు, అమ్మే ఆవిడకి ఒక్క నిమిషం అమ్మా అని చెప్పి తుడుచుకోండి, ఏమీ అనుకోరు.

స్కూటీ హ్యాండిల్‌కి హోల్డర్ పెట్టి మ్యాప్స్ చూడటం దీనితో వద్దే వద్దు, ఆ అదురు కీలు, కెమెరా రెండింటికీ మంచిది కాదు, చెవిలో ఒక ఇయర్‌బడ్ పెట్టుకుని దారి వినడమే. మే నెల ఎండలో కారు డాష్‌బోర్డ్ మీద తెరిచి వదిలేయకండి. ఎండలో మడత గీత బాగా కనపడుతుంది, మొదట్లో నాకు చాలా బాధగా ఉండేది, పదిహేను రోజులకి కన్ను అలవాటు పడింది, వేలికి మాత్రం ఇప్పటికీ తెలుస్తుంది. అమెరికాలో మంచు పడే ఊళ్ళలో ఉన్నవాళ్ళు ఇంకోటి చూసుకోవాలి, గడ్డకట్టే చలిలో ఆ పొరలు బిగుసుకుంటాయి, బయటినుంచి లోపలికి రాగానే తెరవకుండా గది వేడికి వచ్చేదాకా ఆగండి.

ఏడాది, ఏడాదిన్నరకి మడత దగ్గర ఫిల్మ్ కింద సన్నటి బుడగ గీతలా లేవచ్చు, నాకు పదహారో నెలలో లేచింది. వేలితో నొక్కి అంటించాలని చూడకండి, మొత్తం పీకేయాలనీ చూడకండి, జాగ్రత్తగా వాడుతూ వీలైనంత త్వరగా కంపెనీ సర్వీస్ సెంటర్లోనే ఫిల్మ్ మార్పించుకోండి, ఫిల్మ్ మార్చడం, స్క్రీన్ మార్చడం వేరు వేరు, ఖర్చు కూడా వేరు, కౌంటర్‌లో ఈ మాట స్పష్టంగా అడగండి. లోపలి స్క్రీన్ చెప్పా పెట్టకుండా పోవచ్చు కాబట్టి ఫొటోలు, కాంటాక్ట్స్ బ్యాకప్ ఎప్పుడూ ఆన్‌లో ఉంచండి. ఇందులో అయస్కాంతాలు ఉంటాయి, గుండెకి పేస్‌మేకర్ పెట్టించుకున్నవాళ్ళు ఛాతీ జేబులో అస్సలు పెట్టుకోకూడదు, ఇంట్లో పెద్దవాళ్ళకి గిఫ్ట్ ఇద్దామనుకుంటే ముందు ఇది ఆలోచించండి.

మడిస్తే కాల్ కట్ అవుతుందా, స్పీకర్‌లో కంటిన్యూ అవుతుందా అన్నది ఒక్కో ఫోన్‌లో ఒక్కోలా ఉంటుంది, కొన్న రోజే ఇంకో ఫోన్ నుంచి చేసి చూసుకోండి. మొదటిసారి చూసినప్పుడు మా అమ్మ "ఇదేటే, పౌడర్ డబ్బాలా ఉంది" అంది. ఇప్పుడు నేను వంటింట్లో ఉండగా ఫోన్ మోగితే తనే తీస్తుంది, చీర కొంగుతో చేతులు తుడుచుకుని, రెండు బొటనవేళ్ళూ అంచు మీద పెట్టి, నెమ్మదిగా.