సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ పుస్తకం ఇంకొకరి చేత చదివించడం, దాని మీద వాదించుకోవడం ఎలా?

ఆదివారం పొద్దున హైదరాబాద్ అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచిన చోట కాసేపు నిలబడితే ఈ మాట తప్పకుండా వినిపిస్తుంది: "ఇది చదవకపోతే ఇంకేం చదివినట్టురా! కొను, కొను." ఆ స్నేహితుడు మొహమాటానికి కొంటాడు. ఇంటికి తీసుకెళ్లి ఇరవై పేజీలు చదివి పక్కన పెడతాడు. ఆ తర్వాత ఎవరు అడిగినా "నాకు సైన్స్ ఫిక్షన్ పడదు" అంటాడు. ఒక మంచి పుస్తకం వృథా అయింది, ఒక మంచి పాఠకుడు జన్మంతా దూరమయ్యాడు. ఇరవై ఏళ్లుగా ఇది చూస్తూనే ఉన్నాను, నేనూ ఒకసారి ఇదే తప్పు చేశాను. పుస్తకం ఇవ్వడానికి ఒక పద్ధతి ఉంది. దయచేసి అలాగే చేయండి.

కావలసినవి

మీరు కనీసం రెండుసార్లు చదివిన పుస్తకం, చిన్న కాగితం చీటీలు, పెన్సిలు. పుస్తకం అబిడ్స్‌లో పాతది దొరికినా చాలు. కోఠిలో ఎక్కువగా కాలేజీ పుస్తకాలు, పోటీ పరీక్షల పుస్తకాలే ఉంటాయి, ఓపిక ఉంటే వెతకండి. బుక్ ఫెయిర్ పెట్టినప్పుడు తెలుగువి ఒకేచోట దొరుకుతాయి. పాతది కొనేటప్పుడు చివరి పది పేజీలు ఉన్నాయో లేదో అక్కడే నిలబడి చూసుకోండి. ఫోన్‌కి పీడీఎఫ్ పంపకండి. పీడీఎఫ్ పంపితే ఎవరూ చదవరు.

1. ఒక ప్రశ్న అడగండి

"నీకు ఫాంటసీ ఇష్టమా?" అని అడగవద్దు. ఆ పేరు వినగానే చాలామంది కాదంటారు. "ఈమధ్య ఏ పుస్తకం సగంలో వదిలేశావు, ఎక్కడ వదిలేశావు?" అని అడగండి. నచ్చిన పుస్తకం పేరు చెప్పమంటే నలుగురిలో బాగుండే పేరు చెబుతారు. వదిలేసినదాని గురించి అడిగితే నిజం చెబుతారు.

పెద్దవాళ్లను మాత్రం వేరేలా అడగాలి. నల్లకుంటలో ఉండే మా పిన్ని బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైంది. "ఆ దయ్యాలూ మాంత్రికులూ నాకెందుకురా ఈ వయసులో" అంది. "చిన్నప్పుడు చందమామలో ఏ సీరియల్ కోసం ఎదురుచూసేదానివి పిన్నీ?" అని అడిగాను. ఇక ఆగలేదు. 'రాకాసిలోయ' గురించి అరగంట చెప్పింది. చిత్రా వేసిన బొమ్మలు కూడా గుర్తున్నాయి ఆమెకు. ఆ సీరియల్స్ రాసింది దాసరి సుబ్రహ్మణ్యం అని నేను చెప్పేదాకా తెలియదు. అంత ఫాంటసీ చదివి పెరిగిన మనిషి తనకు ఫాంటసీ పడదనుకుంటోంది! ఆమెకు అర్సులా లెగ్విన్ 1968లో రాసిన 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ' ఇచ్చాను. నాలుగు రోజుల్లో చదివేసింది.

2. ఒక్క పుస్తకమే ఇవ్వండి

రెండు కాదు, ఒక్కటే. మూడిస్తే ఏది ముందు చదవాలో తేల్చుకోలేక మూడూ అల్మరాలో పెడతారు. సీరీస్ అయితే మొదటి భాగం దానంతట అది ముగిసేదై ఉండాలి.

అవార్డుల జాబితా చూసి ఎంచకండి. ఫ్రాంక్ హెర్బర్ట్ రాసిన సైన్స్ ఫిక్షన్ నవల 'డ్యూన్' 1965లో వచ్చింది. ఈ రకం పుస్తకాలకిచ్చే పెద్ద అవార్డులు రెండు: మొట్టమొదటి నెబ్యులా అవార్డు, 1966లో ఇంకో నవలతో కలిసి హ్యూగో అవార్డు, రెండూ దానికే వచ్చాయి. గొప్ప పుస్తకం, నాకు ప్రాణం. కానీ మాదాపూర్‌లో నైట్ షిఫ్ట్ చేసి పొద్దున్నే మెట్రో ఎక్కే మనిషి నిద్రకళ్లతో దాన్ని చదవగలడా అన్నది ఏ అవార్డూ చెప్పదు. ఆ మనిషి మీకు తెలుసు కాబట్టి ఎంచవలసింది మీరే. 'తప్పక చదవాల్సిన 100 పుస్తకాలు' లాంటి జాబితాలు పంపేవాళ్లకూ ఇదే నా మనవి. జాబితా ఎవరికీ ఉత్తరం కాదు. పుస్తకం ఇవ్వడమంటే ఒక మనిషికి ఉత్తరం రాయడం లాంటిది.

3. గతుకు ఎక్కడుందో ముందే చెప్పండి

అందరూ పాడుచేసేది ఈ పనినే. నిదానంగా చదవండి.

బండి మీద వెనక కూర్చున్నవాళ్లు మనకేం చెబుతారు? "ముందు గతుకుంది, నెమ్మది" అంటారు. రోడ్డు చివర ఊరు ఎంత అందంగా ఉందో చెప్పరు. పుస్తకం ఇచ్చేటప్పుడు కూడా చెప్పవలసింది ఆ గతుకే. మనమేమో గొప్పలు చెబుతాం, లేదా కథ మొత్తం చెప్పేస్తాం. గొప్పలు చెబితే పుస్తకం మీద భయం పుడుతుంది, కథ చెబితే చదవడానికేమీ మిగలదు.

నేను చేసిన తప్పు చెబుతాను. మా మేనల్లుడు ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో ఉన్నప్పుడు వాడికి 'డ్యూన్' ఇచ్చాను. అరగంట సేపు ఆ పుస్తకం గొప్పతనం చెప్పాను. మూడు నెలల తర్వాత తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. ముప్ఫై పేజీలు కూడా దాటలేదు. "ఏమైందిరా?" అంటే, "ఒక్కో పేజీలో నాలుగు పదాలు తెలియట్లేదు మామయ్యా. నాకు ఇంగ్లీషు సరిగ్గా రాదేమో" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. మొదటి అధ్యాయంలోనే 'గామ్ జబ్బార్' అని వస్తుంది. అది ఇంగ్లీషు పదం కాదు, ఆ లోకానికి చెందిన పదం. ఇంగ్లీషులోనే పుట్టి పెరిగినవాడికి కూడా అక్కడ అర్థం కాదు. వాడు తప్పు తనదనుకున్నాడు. "మొదటి 100 పేజీల్లో తెలియని పదాలు బోలెడు వస్తాయి, ఎవరికీ తెలియవు, ఆగకుండా చదువుకుంటూ పో" అని నేనొక్క మాట చెప్పి ఉంటే చాలు. పుస్తకం వెనక పదకోశం ఉంటుంది, దాని జోలికి కూడా పోవద్దని చెప్పాలి. ప్రతి పదానికీ వెనక్కి తిప్పుతూ కూర్చుంటే కథ చచ్చిపోతుంది.

గతుకు చెప్పేటప్పుడు మూడు విషయాలు ఉండాలి: ఎక్కడ వస్తుంది, ఎలా ఉంటుంది, ఎలా దాటాలి. దాటాక ఏముందో మాత్రం చెప్పకూడదు.

లియూ సిషిన్ రాసిన 'ది త్రీ బాడీ ప్రాబ్లమ్' ఇంగ్లీషు అనువాదం 2014లో వచ్చింది. అది మావో కాలపు చైనా సాంస్కృతిక విప్లవంతో మొదలవుతుంది. ఇది సైన్స్ ఫిక్షనేనా అని అక్కడ అనుమానం వస్తుంది. పైగా చైనా పేర్లు గుర్తుండవు. ఇంటిపేరు ముందు వస్తుందని చెప్పి, ఒక చీటీ మీద నాలుగు పేర్లు రాసి ఇవ్వండి. ఆర్థర్ సి. క్లార్క్ 'రాందెవూ విత్ రామా' ఇచ్చేటప్పుడు "ఇందులో విలన్ కోసం ఎదురుచూడకు" అని చెప్పండి. టోల్కీన్ 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' ఇస్తే మొదట్లో హాబిట్లనే పొట్టి మనుషుల అలవాట్ల గురించి ఉన్న ముందుమాట వదిలేసి నేరుగా మొదటి అధ్యాయం తెరవమనండి. అసలు దానికంటే ముందు 1937 నాటి 'ది హాబిట్' ఇవ్వడమే పద్ధతి. కాదనేవాళ్లున్నారు, వాళ్ల చేతుల్లో ఎంతమంది పాఠకులు మిగిలారో అడగండి.

తెలుగు మాత్రమే చదివేవాళ్లకు విశ్వనాథ సత్యనారాయణ 'హాహా హూహూ' ఇవ్వండి. లండన్‌లో ట్రఫాల్గర్ స్క్వేర్‌లో గుర్రం తల ఉన్న గంధర్వుడు వచ్చి పడతాడు. ఇలాంటివి మన భాషలో లేవనే మాట ఇక అనకండి. దాని గతుకేమిటంటే, సంఘటనలు తక్కువ, మాటల్లో వాదన ఎక్కువ. "ఒక్క బిగిన చదివేసేయ్, ముక్కలు ముక్కలుగా చదవకు" అని చెప్పండి.

ఒకరికి గతుకైనది ఇంకొకరికి కాదు. 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ'లో సంభాషణలు తక్కువ. రచయిత్రి దూరంగా కూర్చుని అమ్మమ్మలా కథ చెబుతుంది. సినిమాల వేగానికి అలవాటుపడ్డ కుర్రాడికి అది గతుకే. చందమామ చదివిన పిన్నికి అదే నున్నటి రోడ్డు. ఆండీ వియర్ 'ది మార్షియన్'లో లెక్కలు చాలా ఉంటాయి. గచ్చిబౌలి ఇంజనీర్లు ఆ లెక్కల కోసమే చదువుతారు. లెక్కలంటే పడనివాళ్లకు "లెక్క వచ్చినచోట దాని జవాబు చూసుకుని ముందుకెళ్లు" అని చెబితే చాలు.

ఇంకొన్ని జాగ్రత్తలు. గతుకు ఒకటే చెప్పండి, నాలుగు చెబితే అది ఫిర్యాదుల చిట్టా అవుతుంది. "అది దాటాక అదిరిపోతుంది" అనకండి. ఎప్పుడు అదురుతుందా అని టెన్షన్‌తో చదువుతారు, ఆ టెన్షన్‌లో కళ్ల ముందున్న వాక్యం కనిపించదు. "చివర్లో ఒక మలుపుంది" అని అసలే అనకండి. ఆ మలుపేమిటో చెప్పకపోయినా సగం చెప్పేసినట్టే, ప్రతి పాత్రనూ అనుమానంగా చూడటం మొదలుపెడతారు. మీకు గతుకేదీ గుర్తురాకపోతే ఆ పుస్తకం చదివి చాలా కాలమైందన్నమాట. మొదటి 50 పేజీలు మళ్లీ చదివాకే ఇవ్వండి.

4. ఊరుకోండి

నెల రోజులు అడగకండి. "ఎక్కడిదాకా వచ్చావు?" అనే మెసేజ్ చూస్తే పుస్తకం హోమ్‌వర్క్ అయిపోతుంది. 50 పేజీలు చదివి వదిలేస్తే మొహం ముడుచుకోకుండా తీసుకోండి, ఏ పేజీలో ఆగారో మాత్రం అడిగి రాసిపెట్టుకోండి.

5. వాదించుకోండి

పుస్తకం పూర్తయ్యాక తప్పకుండా కలవాలి. ఇరానీ కేఫ్ దీనికి సరైన చోటు. రెండు చాయ్‌ల సేపు కూర్చున్నా ఎవరూ లేపరు. ఇద్దరే ఉండాలి, ముగ్గురైతే సరే. నలుగురైతే మీటింగ్ అవుతుంది, ఒకరు మాట్లాడతారు, ముగ్గురు వింటారు. పుస్తకం బల్ల మీద ఉండాలి. ఏ మాటన్నా పేజీ తీసి చూపించాలి. సినిమాతో పోలిక వద్దు.

ముందు కొత్తగా చదివినవాళ్లు మాట్లాడాలి. ఆ మొదటి పది నిమిషాలు మీరు నోరు తెరవకండి. వాళ్లు పొరపడినా సరిదిద్దకండి. మీకంటే ముందు వాళ్లకు తట్టినది అక్కడే బయటపడుతుంది.

వాదన ఒక్క ప్రశ్న చుట్టూ తిరగాలి. "బాగుందా, బాగోలేదా" అనేది ప్రశ్న కాదు. అసిమోవ్ 'ఫౌండేషన్' తీసుకోండి. 30 వేల ఏళ్లు సాగబోయే చీకటి యుగాన్ని వెయ్యేళ్లకు తగ్గించవచ్చని హారీ సెల్డన్ అనే గణితవేత్త లెక్క కడతాడు. ఆ లెక్క జనసమూహాలకే పనిచేస్తుంది, ఒక్క మనిషికి పనిచేయదు. మరి ఆ కథలో ఒక్కో మనిషి చూపించే తెలివికి విలువుందా? వాళ్లు లేకపోయినా అదే జరిగేదా? దీని మీద నేనూ ఒక పాత సహోద్యోగీ ఆరేళ్లుగా వాదించుకుంటున్నాం. విలువుందని నేనంటాను, ఆయన ఒప్పుకోడు. ప్రతిసారీ ఇద్దరం వేరే పేజీ తెరుస్తాం.

ఇది సైన్స్ ఫిక్షనా, ఫాంటసీనా, సాహిత్యమా అన్న వాదనతో మొదలుపెట్టకండి. అది తెగదు. కానీ ఒక పుస్తకానికి నేనే మినహాయింపు ఇస్తాను, అది మన ఊరితో ముడిపడినది కాబట్టి. దోమ కడుపులో మలేరియా క్రిమిని బ్రిటిష్ డాక్టర్ రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లోనే చూశాడు. బేగంపేటలో పాత విమానాశ్రయం దగ్గర ఆయన పేరుతో భవనం ఇప్పటికీ ఉంది. ఆ పరిశోధన వెనక ఇంకెవరో ఉన్నారా అన్న ఊహతో అమితావ్ ఘోష్ 1995లో 'ది కలకత్తా క్రోమోజోమ్' రాశారు. దానికి 1997లో ఆర్థర్ సి. క్లార్క్ అవార్డు వచ్చింది. అయినా చాలా దుకాణాల్లో అది సైన్స్ ఫిక్షన్ అరలో కనిపించదు. నా మట్టుకు అది నూటికి నూరు పాళ్లు సైన్స్ ఫిక్షనే. దాని గతుకు కూడా చెబుతాను. కాలాలు ముందుకీ వెనక్కీ దూకుతాయి, అన్ని ముడులూ విప్పరు. ప్రతి అధ్యాయం పక్కన అది ఏ ఊరో పెన్సిలుతో రాసుకుంటూ చదవండి. దాని మీద వాదన పెట్టుకుంటే మాత్రం ముందు బేగంపేట వెళ్లి ఆ భవనం చూసి, తర్వాత చాయ్‌కి కూర్చోండి.

6. చీటీ రాయించండి

వాదన ముగిసి లేచే ముందు ఒక చీటీ ఇచ్చి, వాళ్లకు గతుకు ఎక్కడ తగిలిందో పేజీ నంబరుతో రాయమనండి. మీరు చెప్పిన చోట కాకుండా ఇంకెక్కడో తగిలి ఉంటుంది. నా 'డ్యూన్' ప్రతిలో ఇప్పుడు ఐదు చీటీలున్నాయి. మొదటిది మా మేనల్లుడిది. నాలుగేళ్ల తర్వాత మళ్లీ తీసుకుని పూర్తి చేశాడు, "తెలియని పదం వస్తే ఆగొద్దు" అని రాశాడు. ఆ చీటీలు పుస్తకంలోనే ఉంచండి. తర్వాత ఎవరికి ఇస్తున్నారో వాళ్లకు సరిపోయే చీటీ ఒక్కటి పైకి కనిపించేలా పెట్టి ఇవ్వండి.