సూర్యాపేటలో కూర్చొని బొగ్గుట్ట చరిత్ర రాయాలంటే

మా నాన్న ఇల్లెందు బాయిలో, అంటే సింగరేణి బొగ్గుగనిలో, బొగ్గు నింపే ఫిల్లరుగా చేసి దిగిపోయాక మేం సూర్యాపేట వచ్చేశాం. కంపెనీ క్వార్టరు ఉద్యోగం ఉన్నన్నాళ్లే కదా! తాళం అప్పగించాక ఎవరి ఊరికి వాళ్లు పోయారు. అందుకే బొగ్గుట్ట (ఇల్లెందుకు జనం పెట్టుకున్న పేరు) చరిత్ర రాయాలనుకునేవాళ్లు తొందరపడి ఇల్లెందు బస్సెక్కకండి. ఆ కథలో సగం తుంగతుర్తి, మోతె, నకిరేకల్ దిక్కు ఊళ్లలో అరుగుల మీద కూర్చొని ఉంది. ముందు వాళ్లను పట్టుకోండి.

మొదట పాత ట్రంకుపెట్టె తెరిపించండి. పే స్లిప్పు, ప్రావిడెంట్ ఫండ్ కాగితం, గుర్తింపు కార్డు, ఆస్పత్రి పుస్తకం, ఏది దొరికినా ఫోన్‌లో ఫొటో తీసుకొని అక్కడే తిరిగి ఇచ్చేయండి, ఇంటికి తెచ్చుకోవద్దు. నోటితో చెప్పే ఏడు ఒకటో రెండో అటూ ఇటూ అవుతుంది. కాగితం మీద చేరిన తేదీ ఒక్కటి దొరికితే పెళ్లి, ప్రమోషన్, సమ్మె అన్నీ దానికి ముందా వెనకా అని సర్దుకోవచ్చు.

"మీ జీవితం గురించి చెప్పండి" అని మాత్రం అడగకండి. "ఏముంది బిడ్డా, కష్టపడ్డం" అని ఊరుకుంటారు. చిన్నవి అడగాలి. మొదటి రోజు బాయిలోకి ఎవరు తోలుకపోయిండ్రు? తట్ట ఎంత దూరం మోసేది? టబ్బులు (బొగ్గు నింపే బండ్లు) ఎవరు లెక్క రాసుకునేది? పైకప్పు గట్టిగా ఉందో లేదో ఎట్లా చూసేది? ఈ చివరి ప్రశ్నకు మోతె దగ్గర ఒక పెద్దాయన నోటితో జవాబు చెప్పలేదు. చేతికర్రతో ముందు బండ మీద కొట్టారు, తర్వాత పక్కనున్న ఖాళీ నూనె డబ్బా మీద. "గిట్లంటే ఉండొచ్చు, గిట్లంటే ఉరకాలె" అన్నారు. అప్పుడు ఆయన మోచేతి మీద నీలం గీత కనిపించింది. దెబ్బ తగిలిన చోట బొగ్గుపొడి తోలు కింద ఉండిపోతే పుండు మానినా ఆ రంగు పోదు. దాని సంగతి అడిగితే ఇంకో గంట మాట్లాడారు. రికార్డర్ ఆన్‌లో పెట్టి, మధ్యలో అడ్డుపడకుండా ఉండటమే మన పని.

ఆడవాళ్లను విడిగా అడగండి. మగవాళ్లు పక్కనుంటే మాట వీళ్ల దాకా రాదు. జీతాల రోజు వడ్డీవాళ్లు ఎక్కడ కాపు కాసేవారో, నైట్ షిఫ్ట్ చేసొచ్చి పగలు పడుకున్న మనిషి లేవకుండా పిల్లల్ని ఎట్లా ఆపేవారో చెప్పేది వాళ్లే. "మా అమ్మ కూడా బాయిలో చేసింది" అంటే కొట్టిపారేయకండి. ఆడవాళ్లను భూమి లోపలి పనికి పెట్టొద్దని 1952 గనుల చట్టం చెప్పింది. అది ఏ కాలం మాటో, లోపలి పనో పైన పనో మెల్లగా ఆరా తీయండి.

ఇక్కడొక జాగ్రత్త. సింగరేణిలో మారుపేర్ల గొడవ చాలా ఇళ్లలో ఉంది. మస్టర్‌లో (హాజరు పుస్తకంలో) ఒక పేరు, ఇంట్లో ఇంకో పేరు. రెండూ మీ నోట్‌బుక్‌లో రాసుకోండి, కానీ బయట పెట్టకండి. వారసత్వ ఉద్యోగమో, డబ్బులో ఆ పేరు మీద ఆగి ఉండొచ్చు. చరిత్ర కోసం ఒకరి కడుపు కొట్టనక్కర్లేదు.

ఇల్లెందు పోయేముందు పాత క్యాలెండర్ వెనక వాళ్లతోనే మ్యాపు గీయించండి. నంబర్ 2 బస్తీ, స్టేషన్ బస్తీ, 21 ఇంక్లైన్ (ఏటవాలు దారిలో దిగే బాయి), కల్లు దుకాణం ఎక్కడెక్కడో. కొలతలు తప్పినా ఫర్వాలేదు. ఓపెన్ కాస్ట్ (పైనుంచి నేలంతా తవ్వే గని) వచ్చాక నేల రూపమే మారిపోయే చోట ఈ గీతలు తప్ప వేరే ఆనవాలు ఉండకపోవచ్చు.

ఇక రాతల సంగతి. భద్రాచలం పోయే భక్తులు పొయ్యి పెట్టుకుంటే రాళ్లు అంటుకున్నాయనే కథ అందరూ చెప్తారు. రాసుకోండి, కథగానే రాసుకోండి. జియలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ 1871లో బొగ్గును గుర్తించడం, 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీకి హక్కులు రావడం, 1889లో తవ్వకం మొదలవడం, 1920 డిసెంబర్ 23న సింగరేణి కంపెనీ ఏర్పడటం రికార్డులో ఉన్నవి. అయితే పాత పుస్తకాల్లో ఖమ్మం జిల్లా కింద వెతికితే ఏమీ దొరకదు. ఆ జిల్లా పుట్టిందే 1953లో. అంతకుముందు ఇల్లెందు వరంగల్ జిల్లాలో ఉండేది, పేరు కూడా ఇల్లెందులపాడు. 2016 నుంచేమో భద్రాద్రి కొత్తగూడెం.

నిజాం కాలం ఫైళ్లకు తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌కు వెళ్లాలి. వాటి మీద ఫసలీ (నిజాం సర్కారు వాడిన ఏళ్ల లెక్క) సంవత్సరం ఉంటే, మన ఇంగ్లిష్ ఏడు కోసం 590 కలపండి. 1330 అని ఉంటే 1920లో మొదలైన ఏడన్నమాట. చాలావరకు ఉర్దూలో ఉంటాయి కాబట్టి చదివేవాళ్లను తోడు తీసుకుపొండి. మా వీధిలో రిటైరైన ఉర్దూ సారు ఒకరున్నారు. ఫొటోలు చూపిస్తే ఛాయ్ తాగుతూ చదివి పెడతారు, ఆ గుమాస్తాల చేతిరాతను తిట్టుకుంటూనే.