మాస్టొడాన్‌కి ఒక్క యాప్‌తోనే సరిపెట్టుకోకండి

మాస్టొడాన్ (ట్విట్టర్ లాంటిదే, కానీ ఒకే కంపెనీ చేతిలో కాకుండా ఎన్నో వేర్వేరు సర్వర్ల మీద నడిచే సోషల్ నెట్‌వర్క్) వాడుతూ అధికారిక యాప్ దగ్గరే ఆగిపోయినవాళ్లు ఒకసారి వేరే యాప్‌లు కూడా చూడండి. ఆండ్రాయిడ్‌లో టస్కీ ఉంది. ఉచితం, ఓపెన్ సోర్స్, ఓపెన్ సోర్స్ యాప్‌ల స్టోర్ ఎఫ్-డ్రాయిడ్‌లోనూ దొరుకుతుంది. పైన ఏ ట్యాబ్‌లు ఉండాలో మనమే పెట్టుకోవచ్చు. నాకు అన్నిటికంటే నచ్చింది ఫ్యాన్పీ. ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, బ్రౌజర్‌లోనే నడుస్తుంది. బూస్టులు (ఇతరుల పోస్టులను మనవాళ్లు మళ్లీ పంచుకున్నవి) వరసగా వచ్చిపడితే వాటన్నిటినీ ఒకచోట చేర్చి చూపిస్తుంది, అందుకే మనవాళ్లు సొంతంగా రాసినవి కొట్టుకుపోవు. ఐఫోన్‌లో ఐస్ క్యూబ్స్, ఐవరీ ఉన్నాయి. 2023 జనవరిలో ట్విట్టర్ బయటి యాప్‌లను ఆపేశాక, ట్విట్టర్ కోసం ట్వీట్‌బాట్ అనే యాప్ చేసినవాళ్లే ఐవరీ తెచ్చారు.

ఒకే ఖాతాతో రెండు మూడు యాప్‌లలో ఒకేసారి ఉండొచ్చు. మీ పోస్టులు, మీరు ఫాలో అయ్యేవాళ్లు అంతా సర్వర్‌లోనే ఉంటారు కాబట్టి యాప్ తీసేసినా ఏమీ పోదు. డ్రాఫ్టులు మాత్రం జాగ్రత్త! టస్కీలో అవి ఫోన్‌లోనే ఉంటాయి, యాప్‌తోపాటే పోతాయి. నోటిఫికేషన్లు ఒక్క యాప్‌లోనే ఉంచండి, లేకపోతే ప్రతిదీ రెండుసార్లు మోగుతుంది.

లాగిన్ అయ్యేటప్పుడు పాస్‌వర్డ్ అడిగే పేజీ మీ సర్వర్‌దేనా అని అడ్రస్ చూసుకోండి. నచ్చని యాప్‌ని ఫోన్‌లోంచి తీసేస్తే సరిపోదు. వెబ్‌లో సెట్టింగ్స్‌కి వెళ్లి, ఖాతా కింద అనుమతి పొందిన యాప్‌ల జాబితాలో దాని అనుమతి కూడా రద్దు చేయండి.