పేద దేశాల్లో వాతావరణ నిధులకు ప్రతిపాదన తయారు చేయడం ఎలా?

ఐక్యరాజ్యసమితి అత్యల్పాభివృద్ధి దేశాలుగా గుర్తించిన 44 దేశాల్లో వ్యవసాయ, తాగునీటి, ఆరోగ్య ప్రాజెక్టుల్లో పనిచేసే తెలుగువారు ఇప్పుడు చాలామందే ఉన్నారు. వాతావరణ మార్పులను తట్టుకునే పనులకు అంతర్జాతీయ నిధుల నుంచి డబ్బు తెచ్చే బాధ్యత తమ మీద పడినప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఇబ్బంది పడేవారి కోసం ఇది రాస్తున్నాను. అభివృద్ధి చెందుతున్న దేశాలన్నిటికీ ఈ పనుల కోసం 2023లో అందిన అంతర్జాతీయ ప్రభుత్వ నిధులు సుమారు 2,600 కోట్ల డాలర్లేనని, 2035 నాటికి ఏటా 31,000 కోట్ల డాలర్లకు పైగా అవసరమవుతుందని ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2025లో లెక్కగట్టింది. అవసరంలో పదో వంతు కూడా అందని చోట, అర్హత ఉన్న ఊరు కేవలం కాగితాల లోపం వల్ల వెనకబడిపోవడం అన్యాయం.

మొదట ఏ నిధిని అడగాలన్న ఆలోచన పక్కన పెట్టి, ఏ ప్రాంతంలో ఏ కష్టం ఉందో, అందులో వాతావరణ మార్పు వాటా ఎంతో తేల్చుకోవాలి. ప్రతిపాదనలో అన్నిటికన్నా కష్టమైన భాగం ఇదే. బంగ్లాదేశ్ నైరుతి తీరంలోని ఖుల్నా, సాత్‌ఖీరా జిల్లాలనే తీసుకుందాం. అక్కడ చెరువుల్లో, చేతిపంపుల్లో నీరు ఉప్పుబారి, మహిళలు తాగునీటికి చాలా దూరం నడవవలసి వస్తోంది. సముద్రమట్టం పెరగడం ఇందుకు ఒక కారణం. 2009లో ఐలా తుపాను కరకట్టలను తెంచినప్పుడు ఉప్పునీరు నెలల తరబడి పొలాల్లోనే నిలిచిపోవడం మరో కారణం. అయితే 1975లో ఫరక్కా ఆనకట్ట వచ్చాక వేసవిలో దిగువకు మంచినీటి ప్రవాహం తగ్గిన మాట, 1980ల నుంచి రొయ్యల చెరువుల కోసం ఉప్పునీటిని లోపలికి మళ్ళించిన మాట కూడా వాస్తవమే. ఈ రెండో రకం కారణాలను దాచిపెట్టి అంతా వాతావరణ మార్పు మీదకే నెట్టిన ప్రతిపాదన నిపుణుల పరిశీలనలో నిలబడదు. అన్ని కారణాలనూ చెప్పి, ఇప్పటికే ఉన్న ఉప్పు సమస్యను సముద్రమట్టమూ తుపాన్లూ ఎంత తీవ్రం చేస్తున్నాయో వర్షపాతం, అలల పోటు, నీటి లవణీయతల రికార్డులతో చూపిస్తేనే వాదనకు బలం వస్తుంది.

ఈ భాగం బలహీనంగా ఉంటే ఏమవుతుందో ఇథియోపియా అనుభవం చెబుతుంది. కరవు ప్రాంతాల్లో సౌరశక్తి పంపులతో నీరందించే పథకానికి ఆ దేశం, అభివృద్ధి చెందుతున్న దేశాల వాతావరణ పనులకు డబ్బిచ్చే అంతర్జాతీయ నిధి అయిన గ్రీన్ క్లైమేట్ ఫండ్‌ను నిధులు కోరగా, ఇది మామూలు అభివృద్ధి పనిలాగే ఉందని కొందరు బోర్డు సభ్యులు అభ్యంతరం చెప్పడంతో 2017 ఏప్రిల్‌లో ఆమోదం దొరకలేదు. సవరించి తెచ్చిన ప్రతిపాదనకు అదే ఏడాది అక్టోబరులో 4.5 కోట్ల డాలర్లు మంజూరయ్యాయి. దాహంతో ఉన్న కుటుంబానికి అభివృద్ధికీ అనుసరణకూ (అంటే వాతావరణ మార్పును తట్టుకునేలా సర్దుకోవడానికీ) మధ్య గీత కనబడదు, ఆ గీత గీయమని వారిని అడగడం సబబు కాదని నా గట్టి నమ్మకం. నియమం మారేంతవరకు ఆ గీత గీసే శ్రమ ప్రతిపాదన రాసేవారిదే.

రికార్డుల గురించి మరో హెచ్చరిక. మలావీ ప్రభుత్వం ఆఫ్రికా దేశాలకు విపత్తు బీమా ఇచ్చే ఆఫ్రికన్ రిస్క్ కెపాసిటీ అనే సంస్థ వద్ద కరవు బీమా తీసుకుంది. 2015–16 పంటకాలంలో లక్షలాది మందికి తిండి కరువైనా, పరిహారం చెల్లించాల్సినంత నష్టం లేదని ఆ సంస్థ కంప్యూటర్ నమూనా మొదట చూపింది. తరువాత పొలాల్లో విచారిస్తే, రైతులు తక్కువ కాలంలో కోతకొచ్చే మొక్కజొన్న రకాలకు మారగా, నమూనాలో మాత్రం ఎక్కువ కాలం పట్టే రకాన్నే లెక్కలోకి తీసుకున్నారని తేలింది. 81 లక్షల డాలర్ల పరిహారం 2017 జనవరిలో గానీ అందలేదు. రైతు ఏ విత్తనం వేస్తున్నాడో అడిగి ఉంటే ఆ ఆలస్యం జరిగేది కాదు. అందువల్ల ఉపగ్రహ సమాచారం ఎంత బాగున్నా, ఊళ్ళో కూర్చుని పంటల క్యాలెండరు రాయించుకోకుండా ప్రతిపాదన ముగించవద్దు.

ఏ నిధిని అడగాలన్నది ఆ తరువాతి మాట. 2001లో మరాకేష్ వాతావరణ సదస్సు నిర్ణయంతో ఏర్పడి, పర్యావరణ పనులకు నిధులిచ్చే అంతర్జాతీయ సంస్థ గ్లోబల్ ఎన్విరాన్‌మెంట్ ఫెసిలిటీ నిర్వహణలో ఉన్న అత్యల్పాభివృద్ధి దేశాల నిధి ఈ దేశాలకే పరిమితం. 2022–26 కాలానికి ఒక్కో దేశానికి దాని నుంచి 2 కోట్ల డాలర్ల వరకు దొరుకుతుంది. అనుసరణ పనులకే ఉద్దేశించిన అడాప్టేషన్ ఫండ్ ఇచ్చే మొత్తాలు చిన్నవైనా, వేరే చోట నుంచి సహనిధులు తెమ్మని పట్టుబట్టదు కాబట్టి కొత్తగా అడుగుపెట్టేవారికి అది అనువైనది. పెద్ద పనులకు దక్షిణ కొరియాలోని సోంగ్డో కేంద్రంగా ఉన్న గ్రీన్ క్లైమేట్ ఫండ్ ఉంది. అందులోనూ 2.5 కోట్ల డాలర్ల లోపు అడిగే తక్కువ రిస్కు ప్రాజెక్టులకు సరళీకృత ఆమోద విధానం ఉంది. మొదటిసారి ప్రయత్నించేవారు ఆ దారినే ఎంచుకోవాలని నా సలహా. నమూనా పత్రం చూడాలనుకునేవారికి మన కృష్ణా జిల్లా తీరంలో నాబార్డు ద్వారా అడాప్టేషన్ ఫండ్ డబ్బుతో చేపట్టిన మడ అడవుల పునరుద్ధరణ ప్రాజెక్టు ఉపయోగపడుతుంది. భారతదేశం ఈ పేద దేశాల జాబితాలో లేకపోయినా ఆ నిధి పత్రాల పద్ధతి ఒక్కటే.

ఈ నిధులకు స్వచ్ఛంద సంస్థ నేరుగా దరఖాస్తు పెట్టుకోవడానికి వీలు లేదు. నిధి గుర్తింపు పొందిన సంస్థ ద్వారానే ప్రతిపాదన వెళ్ళాలి, ఆ దేశ ప్రభుత్వం తరఫున నియమితమైన కార్యాలయం సమ్మతి లేఖ ఇవ్వాలి. ఆ కార్యాలయం సాధారణంగా పర్యావరణ శాఖలోనో ఆర్థిక శాఖలోనో ఉంటుంది. చివర్లో లేఖ కోసం పరుగెత్తడం కన్నా కాన్సెప్ట్ నోట్ (పూర్తి ప్రతిపాదనకు ముందు రాసే సంక్షిప్త పత్రం) దశలోనే వారిని కలిసి, దేశ అనుసరణ ప్రణాళికలో మీ పని ఎక్కడ ఇముడుతుందో వారితోనే చెప్పించుకోవడం మేలు. సంస్థను ఎంచుకునేటప్పుడు, అర్హత ఉన్న స్వదేశీ సంస్థ ఉంటే ఐరాస సంస్థలకన్నా దానికే మొదటి అవకాశం ఇవ్వండి. సెనెగల్‌కు చెందిన సాంత్ర ద స్వీవీ ఎకొలాజిక్ అనే సంస్థ 2010లో అడాప్టేషన్ ఫండ్ గుర్తింపు పొందిన తొలి జాతీయ సంస్థగా నిలిచి, రూఫిస్క్, సాలీ, జోల్ తీరాల్లో కోతను అడ్డుకునే పనులకు 86 లక్షల డాలర్లు తెచ్చుకుంది. అలా సంపాదించిన అనుభవం ఆ దేశంలోనే ఉండిపోతుంది.

బడ్జెట్ రాసేటప్పుడు రెండు విషయాల్లో రాజీ పడవద్దు. ఒకటి, వీలైనంతవరకు గ్రాంటుగానే అడగాలి. ఉప్పునీటి నుంచి ఊరిని కాపాడే పని ఆదాయం తెచ్చిపెట్టదు, పైగా ఆ ఉప్పునీటికి కారణమైన ఉద్గారాల్లో ఆ ఊరి వాటా దాదాపు లేనట్టే. అలాంటి వారిని అప్పుల్లోకి నెట్టడం తగదు. రెండు, నిర్వహణ ఖర్చు. ఖుల్నా, సాత్‌ఖీరా తీరంలో వర్షపు నీటిని పట్టి నిల్వ చేసే ట్యాంకుల కోసం గ్రీన్ క్లైమేట్ ఫండ్ 2018లో సుమారు 2.5 కోట్ల డాలర్లు, బంగ్లాదేశ్ ప్రభుత్వం 80 లక్షల డాలర్లు ఇచ్చాయి. అటువంటి ట్యాంకులో పైకప్పు నుంచి నీరు దింపే గొట్టం ఊడిపోయినా, మొదటి వాన మురికిని బయటికి వదిలే మూత బిగుసుకుపోయినా, వడపోత ఇసుక మార్చకపోయినా కొద్ది నెలల్లోనే ట్యాంకు పనికిరాకుండా పోతుంది. ఆ గొట్టాన్ని ఎవరు బిగిస్తారు, ఇసుకకు డబ్బు ఎవరిస్తారు, ప్రాజెక్టు ముగిశాక కూడా ఎవరి జవాబుదారీ అన్నవి బడ్జెట్‌లో విడి పద్దులుగా కనిపించాలి. మహిళల నీటి సంఘాలకు ఆ బాధ్యత ఇస్తే, దానికి తగ్గ వేతనం కూడా అక్కడే రాయాలి.

స్థానికులకు చేరే వాటాను కూడా శాతంతో సహా రాయండి. ఈ డబ్బులో కనీసం 80 శాతం క్షేత్రస్థాయికి చేరాలని నేపాల్ 2011 వాతావరణ విధానంలోనే పెట్టుకుంది. అమలు మాట ఎలా ఉన్నా, కాగితం మీద అంకె ఉంటేనే గ్రామ సంఘం దాన్ని పట్టుకుని అడగగలుగుతుంది.

అర్హతను ప్రతి దశలో సరిచూసుకోవాలి. భూటాన్ 2023 డిసెంబరులో అత్యల్పాభివృద్ధి జాబితా నుంచి బయటికి వచ్చింది, మరికొన్ని దేశాలు ఆ దశకు చేరువవుతున్నాయి. జాబితా మారితే మీరు ఎంచుకున్న నిధి మారవలసి రావచ్చు.

చివరగా, ఒక మోస్తరు పర్యావరణ, సామాజిక ప్రభావం ఉన్న ప్రాజెక్టులైతే సంబంధిత నివేదికలను బోర్డు నిర్ణయానికి కనీసం 30 రోజుల ముందు ఇంగ్లీషుతో పాటు స్థానిక భాషలోనూ బహిరంగపరచాలన్నది గ్రీన్ క్లైమేట్ ఫండ్ నియమం. ఆ అనువాదాన్ని వెబ్‌సైటులో పెట్టి ఊరుకోకుండా ఊళ్ళలో చదివి వినిపించి, వచ్చిన అభ్యంతరాలను, వాటికి మీరిచ్చిన జవాబులను తేదీలతో సహా రాసి ప్రతిపాదనకు జతచేయండి.